ఎంజీ132 వేస్తే ప్రోటీన్ పెరిగింది, స్మియర్ కూడా వచ్చింది: ఇక రాసేసుకోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బెంగళూరులో బళ్లారి రోడ్డు వైపు ల్యాబ్‌లో పీహెచ్‌డీ రెండో ఏడు. 45 కిలోడాల్టన్ల ప్రోటీన్‌కు ఫ్లాగ్ ట్యాగ్ (యాంటీబాడీ పట్టే చిన్న గుర్తుముక్క) తగిలించి హెచ్‌ఈకే293టీ అనే మానవ కణాల్లో పెట్టారు. ప్రొటియసోమ్‌ను (కణంలో ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రాన్ని) ఆపే మందు ఎంజీ132 10 మైక్రోమోలార్ చొప్పున 16 గంటలు ఉంచితే బ్యాండ్ మూడింతలైంది. హెచ్‌ఏ ట్యాగ్ ఉన్న యుబిక్విటిన్ (ఇతర ప్రోటీన్లకు గొలుసుగా తగిలే చిన్న ప్రోటీన్) కలిపి ఫ్లాగ్ ఐపీ (యాంటీబాడీతో ప్రోటీన్‌ను పట్టి లాగడం) చేస్తే హెచ్‌ఏ బ్లాట్‌లో జెల్ పైదాకా స్మియర్ (సాగిన మరక) కనిపించింది. వచ్చే నెల పోస్టర్‌లో "యుబిక్విటిన్-ప్రొటియసోమ్ ద్వారా నియంత్రణ" అని రాయవచ్చా అన్నారు. గైడ్ మాత్రం "ఏ ఈ3, ఎప్పుడు, దేనికి?" అని పట్టుబడుతున్నారట.

గైడ్ అడిగిందే అసలు ప్రశ్న (ఈ3 అంటే యుబిక్విటిన్‌ను ఏ ప్రోటీన్‌కు తగిలించాలో ఎంచే ఎంజైమ్). ఉన్న డేటాతో "ఎంజీ132 సమక్షంలో స్థాయి పెరుగుతోంది" అని మాత్రమే రాయండి. "నియంత్రణ" అన్న మాట జోలికి వెళ్లకండి. తూము మూసేశాక చెరువు నిండితే నీళ్లు పోవడం ఆగిందా, లోపలికి వచ్చేది పెరిగిందా అన్నది మట్టం చూసి చెప్పలేం. పదహారు గంటల ఎంజీ132 పరిస్థితి సరిగ్గా అదే. స్మియర్ సంగతికి తర్వాత వస్తాను, అందులో సగం మీ ప్రోటీన్‌ది కాకపోవచ్చు.

ముందు ఒక విషయం స్పష్టంగా మనసులో పెట్టుకోండి. ఏ ప్రోటీన్ చావాలి, ఎప్పుడు చావాలి అన్న నిర్ణయం చాలావరకు ప్రొటియసోమ్ దగ్గర జరగదు. అంతకు ముందే, ఈ3 లైగేజ్ మీ ప్రోటీన్ మీద ఉన్న డెగ్రాన్‌ను (విచ్ఛిన్నానికి గుర్తుగా పనిచేసే భాగాన్ని) గుర్తుపట్టే క్షణంలో జరిగిపోతుంది. ప్రొటియసోమ్‌ను ఆపి చూసే ప్రయోగాలు నిర్ణయం అమలైందని చెబుతాయి కానీ, ఎవరు తీసుకున్నారో చెప్పవు.

వరస మీకు తెలిసిందే అయినా అంకెలతో ఒకసారి. యుబిక్విటిన్‌లో 76 అమైనో ఆమ్లాలు, బరువు 8.5 కిలోడాల్టన్లు. ఈ1 ఎంజైమ్ ఏటీపీ ఖర్చుపెట్టి దాని చివరి గ్లైసిన్‌ను తన సిస్టీన్‌కు థయోఎస్టర్‌గా తగిలించుకుంటుంది. మనిషిలో ఈ పని చేసేవి రెండే: యూబీఏ1, యూబీఏ6. అక్కడినుంచి ఈ2 సిస్టీన్ మీదికి, ఆపైన ఈ3 సాయంతో సబ్‌స్ట్రేట్ (యుబిక్విటిన్ తగలాల్సిన ప్రోటీన్) లైసిన్ మీదికి చేరుతుంది. ఈ2లు నలభై దరిదాపుల్లో, ఈ3లు ఆరువందలకు పైగా ఉన్నాయి. ఎంపిక ఎక్కడ జరుగుతుందో ఆ సంఖ్యలే చెబుతున్నాయి. ఈ3ల్లో రింగ్ రకం ఈ2ను, సబ్‌స్ట్రేట్‌ను పక్కపక్కన నిలబెడుతుందంతే. హెక్ట్ రకం (మనిషిలో 28) యుబిక్విటిన్‌ను ముందు తన సిస్టీన్ మీదికి తీసుకుని తర్వాత అందిస్తుంది. మ్యూటెంట్ చేసేటప్పుడు ఈ తేడా అవసరపడుతుంది: హెక్ట్‌లో ఉత్ప్రేరక సిస్టీన్ ఒక్కటి మారిస్తే చాలు, రింగ్‌లో జింక్‌ను పట్టుకునే సిస్టీన్లనో, ఈ2ను పట్టే చోటునో చెడగొట్టాలి.

గొలుసు కట్టే తీరు కూడా ముఖ్యమే. యుబిక్విటిన్‌లో ఏడు లైసిన్లు (6, 11, 27, 29, 33, 48, 63), మొదటి మెథియోనిన్ కలిపితే ఎనిమిది చోట్ల గొలుసు పెరగవచ్చు. కె48 గొలుసు (48వ లైసిన్ మీదుగా కట్టినది) సాధారణంగా ప్రొటియసోమ్‌కు దారి. కె63 ఎక్కువగా సంకేతాలకు, డీఎన్‌ఏ మరమ్మత్తుకు, లైసోసోమ్ వైపు ప్రయాణానికి. అంటే స్మియర్ కనిపించినంత మాత్రాన విచ్ఛిన్నమే అనుకోనక్కర్లేదు.

26ఎస్ ప్రొటియసోమ్ దాదాపు 2.5 మెగాడాల్టన్ల యంత్రం. మధ్యలో 20ఎస్ గొట్టం: ఏడేసి ఉపభాగాల వలయాలు నాలుగు, ఆల్ఫా-బీటా-బీటా-ఆల్ఫా వరసలో. కోసే చోట్లు లోపలి వలయాల్లో బీటా1, బీటా2, బీటా5 మీద ఉంటాయి. ఎంజీ132, బోర్టెజోమిబ్ అనే మరో మందు ప్రధానంగా బీటా5ను పడతాయి. చివర్లలో 19ఎస్ టోపీలు. గొలుసును పట్టేది ఆర్‌పీఎన్10, ఆర్‌పీఎన్13, ఆర్‌పీఎన్1. లోపలికి లాగేది ఆరు ఏటీపీఏజ్‌ల వలయం. యుబిక్విటిన్‌ను మొదలంటా కోసి తిరిగి వాడకానికి వదిలేది ఆర్‌పీఎన్11. గొలుసు ఒక్కటే ఉంటే చాలదు. యంత్రం పట్టుకుని లాగడానికి సబ్‌స్ట్రేట్‌లో ఎక్కడో మడతపడని వదులు భాగం, సుమారు 20-30 అమైనో ఆమ్లాల మేర, ఉండాలి. గట్టిగా మడతపడినవాటిని, పొరలోనో కాంప్లెక్స్‌లోనో ఇరుక్కున్నవాటిని ముందు పీ97 అనే ఎంజైమ్ విప్పి లాగాలి. బ్లాట్‌లో యుబిక్విటిన్ గొలుసుల నిచ్చెన చక్కగా వస్తున్నా అర్ధాయువు (ఉన్న ప్రోటీన్‌లో సగం పోవడానికి పట్టే కాలం) తగ్గకపోతే ఈ రెండూ గుర్తు తెచ్చుకోండి.

ఇక నిర్ణయం ఎలా తీసుకుంటుందో ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఇదే మీ ల్యాబ్‌లో పాజిటివ్ కంట్రోల్‌గా కూడా పనికొస్తుంది. హీలా కణాలకు టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే వాపు సంకేత ప్రోటీన్ మి.లీ.కి 10 నానోగ్రాములు ఇచ్చి 0, 5, 15, 30, 60, 90 నిమిషాలకు లైసేట్ (పగలగొట్టిన కణాల ద్రవం) తీయండి. ఎన్‌ఎఫ్-కప్పాబీ అనే జన్యు నియంత్రకాన్ని పట్టి ఉంచే ఐకప్పాబీ-ఆల్ఫాకు బ్లాట్ చేస్తే అయిదో నిమిషానికే బ్యాండ్ కాస్త పైకి జరుగుతుంది. ఐకేకే కైనేజ్ 32, 36 సెరీన్ల మీద ఫాస్ఫేట్ పెట్టింది. 15-30 నిమిషాల మధ్య బ్యాండ్ దాదాపు మాయం: ఫాస్ఫేట్లతో ఆ పొట్టి వరస బీటా-టీఆర్‌సీపీ అనే ఎఫ్-బాక్స్ ప్రోటీన్‌కు అతుక్కునే ఆకారం పొందింది, అది భాగంగా ఉన్న ఎస్‌సీఎఫ్ అనే ఈ3 లైగేజ్ 21, 22 లైసిన్ల మీద గొలుసు కట్టింది, ప్రొటియసోమ్ మింగేసింది. గంట దాటేసరికి బ్యాండ్ తిరిగి వస్తుంది, ఎందుకంటే విడుదలైన ఎన్‌ఎఫ్-కప్పాబీ వెళ్లి ఐకప్పాబీ-ఆల్ఫా జన్యువునే మళ్లీ చదివిస్తుంది. ఇప్పుడు ఇదే ప్రయోగం ఎంజీ132 అరగంట ముందు ఇచ్చి చేయండి. బ్యాండ్ మాయం కాదు, ఫాస్ఫేట్‌తో పైకి జరిగిన రూపంలో నిలిచిపోతుంది. ఎంజీ132 లేని మొదటి ప్రయోగంలో ప్రొటియసోమ్ వేగం మారలేదు, బీటా-టీఆర్‌సీపీ మోతాదూ మారలేదు. మారింది సబ్‌స్ట్రేట్ మీద రెండు ఫాస్ఫేట్లు. మీ గైడ్ "ఎప్పుడు?" అన్నది దీని గురించే.

అందరూ ఫాస్ఫేట్‌తోనే పని కానివ్వరు. ఆక్సిజన్ కొరతకు స్పందించే హిఫ్-1ఆల్ఫాలో 402, 564 ప్రోలిన్ల మీద ఆక్సిజన్ ఉంటేనే హైడ్రాక్సిల్ పడుతుంది, దాన్ని వీహెచ్ఎల్ అనే ఈ3 భాగం పట్టుకుంటుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపు దాని అర్ధాయువు అయిదు నిమిషాల లోపే. అందుకే హైపాక్సియా (ఆక్సిజన్ తక్కువ) చాంబర్‌లోంచి ప్లేటు బయటికి తీసి తీరిగ్గా కడిగేవాళ్లకు హిఫ్ బ్యాండ్ ఎప్పటికీ రాదు. కణ విభజనను నడిపే సైక్లిన్ బీ విషయంలో మారేది సబ్‌స్ట్రేట్ కాదు, ఈ3: ఏపీసీ/సీ అనే పెద్ద సముదాయం సీడీసీ20తో కలిసి సమయం వచ్చినప్పుడే చురుకవుతుంది. ఎన్-చివర (ప్రోటీన్ మొదటి కొస) అమైనో ఆమ్లం కూడా డెగ్రానే కావచ్చు. 1986లో వర్షావ్‌స్కీ బృందం ఈస్ట్‌లో చూపింది: బీటా-గెలాక్టోసిడేజ్ మొదట్లో మెథియోనిన్ ఉంటే అర్ధాయువు 20 గంటలకు పైన, ఆర్జినిన్ ఉంటే రెండు నిమిషాలు. దీంతో మీకు నేరుగా పని ఉంది: ఎన్-చివర ట్యాగ్ పెట్టడమంటే ఎన్-డెగ్రాన్‌ను కప్పేయడం. మీ ఫ్లాగ్ ఏ చివర ఉందో రాయలేదు. రెండు చివరలా ఒక్కోటి చేసి పోల్చండి.

ఇక మీ ప్రయోగాలు. మొదట చేయాల్సింది అర్ధాయువు కొలవడం, అంటే సైక్లోహెక్సిమైడ్ చేజ్ (ఆ మందుతో కొత్త ప్రోటీన్ తయారీ ఆపి, ఉన్నది ఎంత వేగంగా తగ్గుతోందో చూడటం). వీలైతే ట్యాగ్ లేని సొంత ప్రోటీన్ మీద, యాంటీబాడీ బాగుంటే. ట్యాగ్‌దే చేయాలంటే ఒకే 10 సెం.మీ. డిష్‌లో ట్రాన్స్‌ఫెక్ట్ చేసి, మర్నాడు ట్రిప్సిన్ చేసి ఆరు బావుల ప్లేటులోకి బావికి 5 లక్షల చొప్పున పంచండి. బావి బావికీ విడిగా ట్రాన్స్‌ఫెక్ట్ చేసినవాళ్లు కొలిచేది అర్ధాయువు కాదు, లిపోఫెక్టమైన్ పడిన తేడా. సైక్లోహెక్సిమైడ్ స్టాక్ డీఎంఎస్‌ఓలో మి.లీ.కి 50 మిల్లీగ్రాములు. మీడియం మి.లీ.కి 2 మైక్రోలీటర్లు వేస్తే 100 మైక్రోగ్రాములు అవుతుంది. 0, 15, 30, 60, 120, 240 నిమిషాలు. మందు వేసేది ఎక్కువసేపు ఉండాల్సిన బావికి ముందు, సున్నా బావికి చివర్లో డీఎంఎస్‌ఓ మాత్రం. అన్నీ ఒకేసారి ఐస్ మీదికి రావాలి. విష పదార్థం కాబట్టి గ్లవ్స్ తప్పనిసరి, మిగిలిన మీడియం సింకులో పోయకండి.

బ్లాట్‌లో ఎక్కువమంది బోల్తా పడేది ఈసీఎల్ (బ్యాండ్‌ను చూపే వెలుగు సంకేతం) సంతృప్తం అయిపోవడం దగ్గర. సున్నా నిమిషాల నమూనాను 100, 50, 25, 12.5 శాతాలుగా పలచన చేసి అదే జెల్‌లో పక్కన పరిగెత్తించండి. 50 శాతం బ్యాండ్ నిజంగా సగం కనిపించకపోతే మీ అంకెలన్నీ చెత్తే. లోడింగ్ కంట్రోల్‌కు యాక్టిన్, జీఏపీడీహెచ్ సరిపోతాయి, అవి ఈ వ్యవధిలో కదలవు. మందు పనిచేసిందని చూపడానికి త్వరగా పోయే సీ-మిక్ గానీ ఎంసీఎల్-1 గానీ అదే మెంబ్రేన్ మీద పెట్టండి. సీ-మిక్ అర్ధాయువు ఇరవై, ముప్పై నిమిషాలే. అలవాటుగా పీ53 మాత్రం పెట్టకండి. 293టీ కణాల్లో ఎస్‌వీ40 లార్జ్ టీ యాంటిజెన్ దాన్ని పట్టుకుని నిలబెడుతుంది, నాలుగు గంటలైనా కదలదు. మందు పాడైందని మీరు కొత్త సీసా ఆర్డర్ పెట్టేస్తారు.

లెక్క ఇలా: సున్నా దగ్గర 1.00, 30 నిమిషాలకు 0.62, 60కి 0.39, 120కి 0.15 వచ్చాయనుకోండి. సహజ లాగరిథమ్ తీసి కాలానికి ఎదురుగా గీస్తే సరళరేఖ, వాలు నిమిషానికి 0.0158. 0.693ను దాంతో భాగిస్తే అర్ధాయువు 44 నిమిషాలు. గీత సరళంగా రాకుండా మొదట వేగంగా పడి తర్వాత చదునైతే రెండు జనాభాలు ఉన్నట్టు: కాంప్లెక్స్‌లో చేరినది నిలబడుతోంది, చేరనిది పోతోంది. మీరు ప్రోటీన్‌ను అతిగా ఉత్పత్తి చేయిస్తున్నారు కాబట్టి ఇంకో అవకాశమూ ఉంది, ఈ3 చేతి నిండా పని అయిపోయి మిగిలింది అలా ఉండిపోయి ఉండవచ్చు. ప్లాస్మిడ్ పదో వంతుకు తగ్గించి మళ్లీ చూస్తే తేలిపోతుంది. ఎనిమిది గంటలు దాటిన చేజ్‌ను నేను నమ్మను. ఆపాటికి పొట్టి ఆయువున్న ఈ3లే అయిపోతాయి, మీ ప్రోటీన్ లేనిపోని నిలకడ చూపిస్తుంది. దీర్ఘాయువు ప్రోటీన్లకు హేలోట్యాగ్ పల్స్-చేజ్ (ఉన్న ప్రోటీన్‌కు గుర్తు వేసి అది తగ్గడం చూడటం) గానీ, ఒకే ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి జీఎఫ్‌పీ జోడించిన ప్రోటీన్, పీ2ఏ (రెండు ప్రోటీన్లను విడగొట్టే వరస) తర్వాత ఎంచెర్రీ వచ్చేలా కట్టి ఫ్లో సైటోమెట్రీలో నిష్పత్తి చూడటం గానీ మేలు.

ఇప్పుడు ఎంజీ132. పదహారు గంటలు మర్చిపోండి. 10 మైక్రోమోలార్, నాలుగు గంటలు, మహా అయితే ఆరు. ఎందుకంటే అంతకు మించితే కణం ఊరుకోదు. స్వేచ్ఛగా ఉన్న యుబిక్విటిన్ గొలుసుల్లో చిక్కుకుపోయి కొరత పడుతుంది (హిస్టోన్ హెచ్2ఏ మీద ఉన్నది కూడా ఊడిపోతుంది), హీట్‌షాక్ ప్రోటీన్లు పెరుగుతాయి, ఈఐఎఫ్2ఆల్ఫా మీద ఫాస్ఫేట్ పడి అనువాదం మందగిస్తుంది, ఆటోఫేజీ (కణం తన భాగాలను తానే అరిగించుకోవడం) ఊపందుకుంటుంది, ఎన్‌ఆర్‌ఎఫ్1 వెళ్లి కొత్త ప్రొటియసోమ్ ఉపభాగాల జన్యువులను లేపుతుంది. దానికితోడు మీ ప్లాస్మిడ్‌లో ఉన్నది సీఎంవీ ప్రమోటర్ (జన్యువును చదివించే వైరస్ స్విచ్) అయితే ఇలాంటి ఒత్తిడిలో అదే చురుకవుతుంది. మీ మూడింతల్లో ఎంత వాటా దానిదో తెలుసుకోవాలంటే అదే వెక్టర్‌లో వట్టి జీఎఫ్‌పీ పెట్టి చూడండి, మీ ప్రోటీన్ ఎంఆర్‌ఎన్‌ఏకు క్యూపీసీఆర్ చేయండి. నా ఉద్దేశంలో ఆ పెరుగుదలలో కొంతైనా ప్రమోటర్‌దే అయి ఉంటుంది.

ఇంకోటి, ఎంజీ132 కాల్పెయిన్లు, కాథెప్సిన్లు అనే ఇతర ప్రోటీన్ కోసే ఎంజైమ్‌లను కూడా ఆపుతుంది. అందుకని బోర్టెజోమిబ్ 100 నానోమోలార్ గానీ ఎపోక్సోమిసిన్ గానీ సమాంతరంగా ఉండాలి. లైసోసోమ్ వైపుకు దాన్ని ఆపే బాఫిలోమైసిన్ ఏ1 100 నానోమోలార్, ఆ మందు పట్టిందనడానికి గుర్తుగా పక్కనే ఎల్‌సీ3-2 పెరిగిందని చూపించండి. ఈ ఇన్‌హిబిటర్లను సైక్లోహెక్సిమైడ్ చేజ్‌తో కలిపి వాడండి: అరగంట ముందు ఇన్‌హిబిటర్, తర్వాత చేజ్. కొత్త ఉత్పత్తి ఆగిపోయి ఉంటుంది కాబట్టి ఇప్పుడు నిలబడితే అది విచ్ఛిన్నం ఆగినందువల్లే. ఎంజీ132 ఆల్డిహైడ్, మీడియంలో నిలవదు. 10 మిల్లీమోలార్ స్టాక్‌ను 20 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 20లో ఉంచి, ఒకసారి కరిగించింది మళ్లీ పెట్టకండి. వారాంతంలో కరెంటు పోయి ఫ్రీజర్ కరిగిందని తెలిస్తే ఆ పెట్టె మొత్తం అనుమానించాల్సిందే. కె48 గొలుసు బ్లాట్ ఒకటి చేస్తే మందు బతికుందో లేదో అరగంటలో కాకపోయినా ఒక్క రోజులో తెలుస్తుంది.

స్మియర్ విషయం. మీరు మామూలు ట్రైటాన్ (మృదువైన డిటర్జెంట్) బఫర్‌లో ఐపీ చేసి ఉంటారు. ఆ పరిస్థితిలో మీ ప్రోటీన్‌కు అతుక్కున్న ఇంకెవరి మీదైనా యుబిక్విటిన్ ఉంటే అదీ బయటికి వస్తుంది. ఫ్లాగ్ బ్లాట్‌లో మీ బ్యాండ్ 45 దగ్గరే గట్టిగా ఉండి, హెచ్‌ఏ బ్లాట్‌లో స్మియర్ 55 నుంచి 250 దాకా ఉంటే ఆ అనుమానం మరీ ఎక్కువ. కాబట్టి డీనేచర్ చేసి (ప్రోటీన్ల మడత విప్పి) ఐపీ చేయాలి.

ఎంజీ132 నాలుగు గంటలు ఇచ్చిన 10 సెం.మీ. డిష్‌ను 10 మిల్లీమోలార్ ఎన్-ఇథైల్‌మెలైమైడ్ (ఎన్‌ఈఎం) కలిపిన చల్లని పీబీఎస్‌తో కడగండి. ఇది ముఖ్యం, లేకపోతే కణం పగిలిన మరుక్షణం డీయూబీ ఎంజైమ్‌లు గొలుసులు ఊడదీసేస్తాయి. ఎన్‌ఈఎం అణుభారం 125, ఇథనాల్‌లో మి.లీ.కి 125 మిల్లీగ్రాములంటే 1 మోలార్. ఏ పూటకాపూట కలపండి. ఇది సిస్టీన్ డీయూబీలనే ఆపుతుంది, లోహంతో నడిచేవాటికి 5 మిల్లీమోలార్ ఈడీటీఏ కూడా ఉండాలి. లైసిస్ బఫర్‌లో డీటీటీ, బీటా-మెర్కాప్టోఇథనాల్ వేశారా, ఎన్‌ఈఎం అంతా వాటితోనే కలిసి ఖర్చయిపోతుంది. స్మియర్ రాలేదని వాపోయేవాళ్ల ప్రోటోకాల్ చూస్తే మూడొంతులు ఇదే కనిపిస్తుంది. తర్వాత 100 మైక్రోలీటర్ల 1 శాతం ఎస్‌డీఎస్, 50 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 7.5, 10 మిల్లీమోలార్ ఎన్‌ఈఎంతో గీరి తీసి 95 డిగ్రీల దగ్గర పది నిమిషాలు. (హీట్ బ్లాక్ లేక నీళ్ల గిన్నెలో మరిగించేవాళ్లకు: బెంగళూరు ఎత్తులో నీళ్లు 97 దరిదాపుల్లోనే మరుగుతాయి, ఈ పనికి అది చాలు.) డీఎన్‌ఏ జిగురు జిగురుగా ఉంటుంది, సోనికేట్ చేయండి లేదా 25 గేజ్ సూదిలోంచి పదిసార్లు లాగండి. 1 శాతం ట్రైటాన్, 150 మిల్లీమోలార్ ఉప్పు ఉన్న బఫర్ 900 మైక్రోలీటర్లు కలిపితే ఎస్‌డీఎస్ 0.1 శాతానికి దిగుతుంది, యాంటీబాడీ తట్టుకుంటుంది. 14,000 జీ వేగంలో పది నిమిషాలు తిప్పి పైనున్నదాంతో ఐపీ. మీ సొంత యాంటీబాడీ మడత విప్పిన ప్రోటీన్‌ను పడుతుందో లేదో ముందే చూసుకోండి. ఫ్లాగ్ ఎం2కు ఈ ఇబ్బంది లేదు.

హిస్టిడిన్ ట్యాగ్ ఉన్న యుబిక్విటిన్ ఉంటే 6 మోలార్ గ్వానిడిన్‌లో నికెల్ పూసలతో లాగడం ఇంకా శుభ్రం. అక్కడ ఈడీటీఏ వేయకూడదు, నికెల్ ఊడిపోతుంది. గ్వానిడిన్ మిగిలి ఉండగా శాంపిల్ బఫర్ పోస్తే ఎస్‌డీఎస్‌తో కలిసి తెల్లగా గడ్డకడుతుంది, లేన్ మొత్తం పాడు. 8 మోలార్ యూరియా బఫర్‌తో రెండుసార్లు కడిగాకే లోడ్ చేయండి.

కంట్రోళ్లు: మీ ప్రోటీన్ లేకుండా వట్టి వెక్టర్ ప్లస్ హెచ్‌ఏ-యుబిక్విటిన్, మీ ప్రోటీన్ ఉండి హెచ్‌ఏ-యుబిక్విటిన్ లేనిది, ఎంజీ132 ఇచ్చిందీ ఇవ్వనిదీ. ట్యాగ్ గురించి కూడా ఒక మాట. ఫ్లాగ్ ఎనిమిది అమైనో ఆమ్లాల్లో రెండు లైసిన్లు, మిక్ ట్యాగ్‌లో ఒకటి. యుబిక్విటిన్ ట్యాగ్ మీదే పడే అవకాశం ఉందన్నమాట. హెచ్‌ఏలో ఒక్క లైసినూ లేదు. మీ అమరికను తిరగేసి, ప్రోటీన్‌కు హెచ్‌ఏ, యుబిక్విటిన్‌కు ఫ్లాగో హిస్టిడినో పెట్టుకుంటే ఆ తలనొప్పి ఉండదు. కానీ ఏది చేసినా యుబిక్విటిన్‌ను బయటినుంచి అతిగా పోసిన ప్రయోగం ఒక్కటే సరిపోదు. సొంత యుబిక్విటిన్‌కు పీ4డీ1 లేదా ఎఫ్‌కే2 యాంటీబాడీతో ఒకసారి చూపించండి. పీ4డీ1 గొలుసు కట్టని యుబిక్విటిన్‌ను కూడా పడుతుంది, ఎఫ్‌కే2 తగులుకున్నదాన్నే పడుతుంది. కె48, కె63 యాంటీబాడీలు విడివిడిగా దొరుకుతాయి, మీకు కె48 చాలు మొదట.

ఏ లైసిన్ మీదో తెలుసుకోవాలని నమూనాను సీ-క్యాంప్‌కో ఐఐఎస్‌సీకో మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపుతారు కదా, ఆల్కైలేషన్‌కు అయోడోఅసెటమైడ్ వద్దని, క్లోరోఅసెటమైడ్ వాడమని ముందే చెప్పండి. ట్రిప్సిన్ తర్వాత యుబిక్విటిన్ మిగిల్చే గ్లైసిన్-గ్లైసిన్ ముద్ర 114.04 డాల్టన్లు. అయోడోఅసెటమైడ్ ఒకే లైసిన్‌కు రెండుసార్లు తగిలినా అదే బరువు. యుబిక్విటిన్ లాంటి నెడ్8, ఐఎస్‌జీ15 ప్రోటీన్లు కూడా అదే ముద్ర వదులుతాయి. చోటు దొరికాక లైసిన్‌ను ఆర్జినిన్‌గా మారిస్తే ఏమీ మారకపోవచ్చు, నిరాశ పడకండి. చాలా ఈ3లకు పక్క లైసిన్ అయినా ఒకటే. అందుకే లైసిన్ మ్యూటెంట్ కంటే డెగ్రాన్ మ్యూటెంట్‌కే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఇక ఏ ఈ3? ఆరువందల్లో వెతికే ముందు ఒక మందుతో కుటుంబాన్ని తేల్చుకోవచ్చు. ఎంఎల్‌ఎన్4924 1 మైక్రోమోలార్, నాలుగు గంటలు. ఇది నెడ్8 తగిలించే ఎంజైమ్‌ను ఆపుతుంది, నెడ్8 లేనిదే కలిన్ రకం ఈ3 లైగేజ్‌లు పనిచేయవు. కలిన్1 బ్లాట్‌లో జంట బ్యాండ్లలో పైది పోవాలి, ఎన్‌ఆర్‌ఎఫ్2 పెరగాలి. ఇవి రెండూ కనిపిస్తే మందు పట్టినట్టు. మీ ప్రోటీన్ నిలబడితే కలిన్ కుటుంబం, లేకపోతే బయట. కలిన్ అయితే ప్రోటీన్ వరసలో డీఎస్‌జీ-ఏవో రెండు-ఎస్ (అమైనో ఆమ్లాల అక్షరాలు) ఉందేమో చూడండి, ఉంటే బీటా-టీఆర్‌సీపీ మీద మొదటి అనుమానం. ఆర్-ఏవో రెండు-ఎల్ లాంటి డీ-బాక్స్ చూసి వెంటనే ఏపీసీ/సీ అనుకోకండి, అది ప్రతి రెండో ప్రోటీన్‌లో యాదృచ్ఛికంగా ఉంటుంది.

అనుమానితుడు దొరికాక అతిగా పెట్టి ప్రోటీన్ తగ్గిందని చూపడం బలహీనమైన సాక్ష్యం. రెండు వేర్వేరు ఎస్ఐఆర్‌ఎన్‌ఏలతో (ఒక జన్యువు ఉత్పత్తిని తగ్గించే చిన్న ఆర్‌ఎన్‌ఏలతో) ఆ ఈ3ను తగ్గించినప్పుడు సొంత ప్రోటీన్ అర్ధాయువు పెరగాలి. ఎస్ఐఆర్‌ఎన్‌ఏకు దొరకని రూపంలో మామూలు ఈ3 తిరిగి పెడితే తగ్గాలి, పనిచేయని మ్యూటెంట్ పెడితే తగ్గకూడదు. కో-ఐపీలో అంటుకోలేదంటే సంబంధం లేదని కాదు. ఈ బంధాలు క్షణికం, పనిచేయని మ్యూటెంట్‌తోనో ఎంజీ132 సమక్షంలోనో చేస్తే చిక్కుతాయి. కణ రకం కూడా చూసుకోండి: హీలాలో పీ53ని చంపేది ప్రధానంగా ఎండీఎం2 అనే ఈ3 కాదు, ఆ కణాల్లో ఉన్న పాపిలోమా వైరస్ ప్రోటీన్ ఈ6 వెంటబెట్టుకొచ్చే యూబీఈ3ఏ. అందుకే అక్కడ ఎండీఎం2ను అడ్డుకునే నట్లిన్ వేస్తే పెద్దగా పెరగదు, హెచ్‌సీటీ116లో బ్రహ్మాండంగా పెరుగుతుంది. మీ ఈ3 కూడా 293టీలో ఒకటి, మీకు కావాల్సిన కణంలో ఇంకొకటి కావచ్చు.

చివరగా టెస్ట్ ట్యూబ్‌లో: ఈ1 100 నానోమోలార్, ఈ2 0.5-1 మైక్రోమోలార్, ఈ3 అంతే, యుబిక్విటిన్ 20-50 మైక్రోమోలార్, ఏటీపీ 2 మిల్లీమోలార్, మెగ్నీషియం 5 మిల్లీమోలార్, పీహెచ్ 7.5, 30 డిగ్రీల్లో గంట. ఒక్కొక్కటీ తీసేసిన లేన్లు తప్పనిసరి. ముఖ్యంగా సబ్‌స్ట్రేట్ లేని లేన్. చాలా ఈ3లు తమ మీద తామే గొలుసు కట్టుకుంటాయి, యుబిక్విటిన్ బ్లాట్‌లో ఆ స్మియర్‌ను సబ్‌స్ట్రేట్‌ది అనుకుని సంబరపడటం మామూలే. బ్లాట్ సబ్‌స్ట్రేట్ యాంటీబాడీతో చేయండి.

"ఎప్పుడు" అన్నదానికి ఇవన్నీ అయ్యేదాకా ఆగనక్కర్లేదు. సీరం తీసేయడం, గ్లూకోజ్ తగ్గించడం, నోకొడజోల్‌తో కణ విభజన ఆపడం, డీఎన్‌ఏ దెబ్బ: ఒక్కో పరిస్థితిలో అర్ధాయువు మాత్రం కొలవండి, స్థాయి కాదు. ఎక్కడైనా పై ఉదాహరణలోని 44 నిమిషాలు కాస్తా పది నిమిషాలో మూడు గంటలో అయితే, అక్కడ లైసేట్‌ను లాంబ్డా ఫాస్ఫటేజ్‌తో (ఫాస్ఫేట్లు ఊడదీసే ఎంజైమ్‌తో) ఒకసారి, అది లేకుండా ఒకసారి పరిగెత్తించి బ్యాండ్ జరుగుతుందేమో చూడండి. గైడ్‌కు చూపించాల్సిన మొదటి చిత్రం అదే.

ఒక్క సందర్భం మిగిలింది. టీఏకే-243 1 మైక్రోమోలార్‌తో ఈ1నే ఆపినా మీ ప్రోటీన్ అదే వేగంతో పోతూ, బోర్టెజోమిబ్ ఇస్తే మాత్రం ఆగిందనుకోండి. ప్రయోగం చెడిందని పారేయకండి. ఆర్నిథీన్ డీకార్బాక్సిలేజ్ అలాంటిదే, యాంటీజైమ్ అనే తోడు ప్రోటీన్ దాన్ని యుబిక్విటిన్ లేకుండానే ప్రొటియసోమ్‌కు చేరుస్తుంది. పాలీఅమీన్లు పెరిగితే యాంటీజైమ్ పెరుగుతుంది, నియంత్రణ మొత్తం అక్కడే. మీ ప్రోటీన్ ఆ కోవలోదైతే ఈ3 వేట మానేసి, వదులు భాగం ఎక్కడుందో, దానికి అంటుకునే తోడు ప్రోటీన్ ఏదో వెతకండి.